బిల్డింగ్‌లో మనిషి ఎక్కడున్నాడో ఫోన్‌తో పట్టడం: ముందు ఫ్లోర్ తేల్చండి

బిల్డింగ్ లోపల జీపీఎస్‌ని నమ్ముకోలేం. బెంగళూరు వైట్‌ఫీల్డ్ టెక్ పార్కుల్లాంటి చోట ముందు తేలాల్సింది ఫ్లోర్. అది తప్పితే మిగతా లెక్కంతా దండగ.

ఫ్లోర్‌కి బారోమీటర్ కావాలి, అంటే గాలి ఒత్తిడి (ప్రెషర్) కొలిచే సెన్సర్. పైకెక్కే కొద్దీ ప్రెషర్ తగ్గుతుంది. చవక ఫోన్లు చాలావాటిలో ఉండదు, ముందే చూసుకోండి. చెన్నైలో ప్రెషర్ 1 హెక్టోపాస్కల్ (ప్రెషర్ కొలత) తేడా అంటే సుమారు 8.7 మీటర్ల ఎత్తు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పల్చన, కాబట్టి ఇక్కడ దాదాపు 9.5. అంటే 3.5 మీటర్ల ఫ్లోర్ ఎక్కితే 912.40 ఉన్న రీడింగ్ 912.03కి దిగుతుంది. అంతే తేడా!

అసలు చిక్కు ఇక్కడే. మన వైపు ప్రెషర్ ఉదయం పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఈ తేడా 3 హెక్టోపాస్కల్స్ ఉందంటే, పొద్దున తీసిన రీడింగ్‌తోనే సాయంత్రం లెక్కేస్తే కుర్చీలోంచి లేవని మనిషిని ఎనిమిది ఫ్లోర్లు ఎక్కించేస్తుంది. అందుకని బారోమీటర్ ఉన్న పాత ఫోన్ ఒకటి రిసెప్షన్‌లో ఛార్జింగ్‌కి పెట్టి, నిమిషానికో రీడింగ్ సర్వర్‌కి పంపించండి. ఆ ఫోన్‌కీ మనిషి చేతిలోని ఫోన్‌కీ ఉన్న తేడాతోనే లెక్క కట్టాలి. ఏ రెండు ఫోన్లూ ఒకే అంకె చూపించవు కాబట్టి, మొదట రెండిటినీ ఒకే టేబుల్ మీద ఐదు నిమిషాలు ఉంచి సగటు తేడా రాసుకోండి.

తర్వాత వైఫై. ఏ చోట ఏ రౌటర్ సిగ్నల్ ఎంత బలంగా ఉందో ముందే రాసుకుంటే, మనిషి ఫోన్‌కి వినబడేదాన్ని దానితో పోల్చి ఫ్లోర్‌లో ఎక్కడున్నాడో తేల్చొచ్చు. రెండేసి మీటర్లకు నేల మీద టేప్ ముక్క అంటించి, ఒక్కో చోట నాలుగు దిక్కులకూ తిరిగి ఐదేసి స్కాన్లు తీయండి. ఒంట్లోని నీరు సిగ్నల్‌ని మింగేస్తుంది, అందుకే దిక్కులు. ఆండ్రాయిడ్ 9 నుంచి రెండు నిమిషాలకు నాలుగు స్కాన్లే ఇస్తుంది, అంటే ఒక్క చోటికే పది నిమిషాలు. ఆండ్రాయిడ్ 10 ఆపైన ఫోన్లయితే డెవలపర్ ఆప్షన్స్‌లో స్కాన్ థ్రాట్లింగ్ (ఈ స్కాన్ల పరిమితి) ఆపేయండి. వాడే జనం ఫోన్లలో అది ఆన్‌లోనే ఉంటుందని మాత్రం మర్చిపోవద్దు. జనం మొబైల్ హాట్‌స్పాట్లని లెక్కలోంచి తీసేయండి. వినబడని రౌటర్‌కి సిగ్నల్ బలం మైనస్ 100 డీబీఎం అని వేసి, మనిషి ఫోన్ స్కాన్‌తో దగ్గరగా కలిసిన మూడు నాలుగు టేప్ పాయింట్ల సగటు తీసుకోండి.

స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య అడుగులు లెక్కపెట్టాలి. అడుగుకి 0.7 మీటర్లతో మొదలుపెట్టండి. మలుపులకు జైరో (ఫోన్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) వాడండి, ఇనుము ఎక్కువున్న చోట కంపాస్ అబద్ధం చెబుతుంది.

అడుగులు పడకుండా ప్రెషర్ గబగబా మారుతోందంటే మనిషి లిఫ్ట్‌లో ఉన్నట్టే. అది నిలకడ పడగానే మ్యాప్ మీద మనిషిని చూపే చుక్కని ఆ ఫ్లోర్ లిఫ్ట్ తలుపు దగ్గర పెట్టేయండి, అంతవరకు పేరుకున్న తప్పు పోతుంది. మాల్‌లో ఎస్కలేటర్ కూడా ఇలాగే కనిపిస్తుంది, కాకపోతే ప్రెషర్ మెల్లగా మారుతుంది.