తృటిలో తప్పిన ప్రమాదం ఆఫీసు దాకా చేరాలంటే: యజమానులకు కొన్ని సూచనలు

గోడౌన్‌లో పై అరలో ఉన్న బరువైన పెట్టె ఒకటి జారి కింద పడింది. క్షణం ముందు వరకూ అక్కడే నిలబడి సరుకు లెక్కపెడుతున్న మనిషి, ఎవరో పిలిస్తే రెండడుగులు పక్కకు జరిగాడు. అందరూ ఉలిక్కిపడ్డారు, ఇంకా నయం అనుకున్నారు, పెట్టెను మళ్ళీ అదే అరలో పెట్టి ఎవరి పనిలో వారు పడ్డారు. ఆఫీసులో ఉన్నవారికి ఈ సంగతి ఏనాటికీ తెలియదు. అర వంగిపోయిందా, మోయగలిగిన బరువు కంటే ఎక్కువ పేర్చారా, ఫోర్క్‌లిఫ్ట్ తగిలి స్టాండు కదిలిపోయిందా అని చూసేవారు ఉండరు. ఆ కారణం అక్కడే ఉండిపోతుంది. రేపు అదే చోట నిలబడే మనిషిని సమయానికి పిలిచేవారు ఉండకపోవచ్చు.

ఇటువంటి దాన్ని భద్రత చూసేవారు ‘నియర్ మిస్’ అంటారు. సిబ్బంది వ్యవహారాలను, భద్రతను కలిపి చూస్తూ గడిపిన ఇన్నేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఈ కబురు భయం లేకుండా పైకి వచ్చే చోట మాత్రమే మిగిలిన జాగ్రత్తలన్నీ పనిచేస్తాయి. అది రావడానికి యజమాని ఏమేమి చేయాలో, వచ్చాక దానితో ఏమి చేయాలో ఇక్కడ చెబుతాను.

శిక్ష ఉండదని రాసి ఇవ్వండి

ముందుగా ఒక హామీ పత్రం కావాలి. ప్రమాదాన్ని గాని, ప్రమాదం జరగబోయిన సందర్భాన్ని గాని నిజాయితీగా తెలియజేసిన వ్యక్తిపై ఏ చర్యా ఉండదని, జీతం కోత, షిఫ్టు మార్పు, కాంట్రాక్టు రద్దు వంటివి ఆ కారణంతో జరగవని అందులో స్పష్టంగా ఉండాలి. దాని కింద సంతకం యజమానిదే అయి ఉండాలి, ఎందుకంటే మేనేజరు సంతకానికి మేనేజరు మారేదాకానే విలువ అన్న సంగతి కార్మికులకు బాగా తెలుసు. కావాలని ఇతరులకు హాని తలపెట్టడం, మత్తులో యంత్రం నడపడం వంటివి ఈ హామీ కిందకు రావని కూడా అందులోనే చెప్పండి. హద్దు ఎక్కడుందో తెలిసినప్పుడే హామీని నమ్ముతారు.

ఇది యజమాని దయ మీద మాత్రమే ఆధారపడిన విషయం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒప్పందం, ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని సహేతుకంగా నమ్మి పని ఆపి పక్కకు తప్పుకున్న కార్మికుడికి ఆ కారణంగా నష్టం కలగకుండా రక్షణ ఉండాలని చెబుతుంది. భద్రతా చర్యల ఖర్చు కార్మికుల మీద పడకూడదని కూడా అదే ఒప్పందంలో ఉంది. 2022 జూన్‌లో ఆ సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని పనిచేసేచోట ఉండవలసిన మౌలిక హక్కుల్లో చేర్చింది.

హామీతో పాటు మీరు తీసివేయవలసినది కూడా ఒకటుంది. ఇన్ని రోజులు ప్రమాదం లేకుండా గడిస్తే బహుమతి అనే బోర్డు గేటు దగ్గర ఉంటే, దాన్ని దించండి. వంద రోజులు దాటాక వేలు తెగిన మనిషి, తోటివారి బోనస్ తన వల్ల పోతుందన్న బెంగతో గుడ్డ చుట్టుకుని పని చేస్తాడు.

చెప్పడం సులభంగా ఉండాలి

ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, ఏం జరిగి ఉండేది: ఈ నాలుగు సంగతులు చాలు. రెండు పేజీల ఫారం పెడితే, అది రాయడం అలవాటున్న వారి దగ్గర నుంచి మాత్రమే కబుర్లు వస్తాయి. నిజంగా ప్రమాదం అంచున పనిచేసేవారు దానిని ముట్టుకోరు. నోటిమాటగా చెప్పినా, ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపినా, పేరు లేని చీటీ పెట్టెలో వేసినా స్వీకరించాలి. కాంట్రాక్టు కార్మికులు, రాత్రి షిఫ్టు వారు, నేల తుడిచేవారు, సరుకు దించడానికి వచ్చిన డ్రైవర్లు, వీరందరికీ అదే దారి తెరిచి ఉండాలి. జారే నేల ఎక్కడుందో తుడిచే మనిషికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

గాయం అయ్యే సంగతులే చెప్పాలని అనుకోనివ్వకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం, పని కారణంగా ఏటా దాదాపు 30 లక్షల మంది మరణిస్తున్నారు. వారిలో ప్రమాదాల వల్ల పోయేవారు సుమారు 3 లక్షల 30 వేలు కాగా, మిగిలిన దాదాపు 26 లక్షల మందిని తీసుకుపోతున్నవి జబ్బులే. కాబట్టి ముక్కుకు అంటే ఘాటు, వెలుతురులో కనిపించే దుమ్ము, సాయంత్రానికి చెవుల్లో మిగిలే హోరు కూడా నమోదు కావాలి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచవలసి వస్తోందంటే, శబ్దం 85 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉన్నట్టు అనుమానించి కొలిపించాలి. 8 గంటల పనికి అనేక ప్రమాణాలు పెట్టుకున్న హద్దు అదే.

వేధింపుల ఫిర్యాదులకు మాత్రం వేరే దారి, గోప్యత కాపాడగల వేరే మనుషులు ఉండాలి. వాటిని ఈ పెట్టెలో కలపకండి.

విచారణ అంటే దోషిని వెతకడం కాదు

కబురు అందిన షిఫ్టులోనే, ఆలస్యమైతే మరునాటికైనా, అందిందని చెప్పండి. ముప్పు వెంటనే ఉంటే ఆ చోటు మూసివేసి, యంత్రం ఆపి, తరువాత మాట్లాడండి. మొదటి కబురుకు జవాబు రాకపోతే రెండవ కబురు రాదు.

ఆ తరువాతి అడుగు దగ్గరే చాలా సంస్థలు తప్పు చేస్తాయి, నేను పనిచేసిన ఒక చోటా అదే జరిగింది. సరుకును మోసుకుపోయే బెల్టు (కన్వేయర్) రోలర్‌లో పడి ఒక ఆపరేటర్ వేలు నలిగింది. ఫైలులో కారణం దగ్గర ‘కార్మికుని నిర్లక్ష్యం’ అని రెండే మాటలు ఉన్నాయి, హెచ్చరిక లేఖ కూడా వెళ్ళిపోయింది. నేను ఆ యంత్రం పక్కన ఒక పూర్తి షిఫ్టు నిలబడ్డాను. ఆ పూట బెల్టులో అట్టపెట్టె ఇరుక్కోవడం 11 సార్లు జరిగింది. రోలర్ మీద ఉండవలసిన గార్డును, అంటే చెయ్యి లోపలికి పోకుండా ఆపే మూతను, నాలుగు బోల్టులతో బిగించాలి, వాటిని విప్పే స్పానర్ షెడ్డుకు అవతలి కొసన ఉన్న స్టోరులో, రిజిస్టరులో సంతకం పెడితేనే ఇస్తారు. ప్రతిసారీ పద్ధతి ప్రకారం చేస్తే గంటలు పోతాయి, రోజు టార్గెట్ మాత్రం తగ్గదు. గార్డు గోడకు ఆనించి ఉంది. దాని మీద పేరుకున్న దుమ్ము అది ఎన్ని నెలలుగా అక్కడుందో చెబుతోంది. సూపర్‌వైజరు, మేనేజరు, నాతో సహా ఆఫీసు వారు అందరం దాని పక్క నుంచే రోజూ నడిచాం. ఆ లేఖను వెనక్కు తీసుకుని, ఆ మనిషికి క్షమాపణ చెప్పించడం నా ఉద్యోగంలో నేను చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా ఇప్పటికీ భావిస్తాను.

కాబట్టి విచారణలో ‘ఎవరు’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఆ క్షణంలో ఆ మనిషికి అలా చేయడమే సరైనదని ఎందుకు అనిపించిందో అడగండి. జవాబు సాధారణంగా యంత్రంలోనో, టార్గెట్‌లోనో, స్టోరు రిజిస్టరులోనో దొరుకుతుంది.

పరిష్కారం వెతికేటప్పుడు ఒక క్రమం పాటించాలి. ప్రమాదాన్ని మొదలంటా తొలగించగలమా. లేకపోతే తక్కువ హాని ఉన్న వస్తువుతో, పద్ధతితో మార్చగలమా. అదీ కాకపోతే గార్డు, అడ్డుగోడ, గాలి లాగే ఫ్యాన్ వంటి ఏర్పాటుతో మనిషిని దూరంగా ఉంచగలమా. ఆ తరువాతే నియమాలు, శిక్షణ, చిట్టచివర గ్లౌజులు, హెల్మెట్లు. పనిచోట భద్రత, ఆరోగ్యాల నిర్వహణ కోసం 2018లో వెలువడిన ఐఎస్ఓ 45001 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనూ ఈ క్రమమే ఉంది. చేతికి గ్లౌజులివ్వడం చవక కనుక అందరూ చివరి మెట్టు దగ్గరే మొదలుపెడతారు, అయితే తిరిగే రోలర్ దగ్గర గ్లౌజే చేతిని లోపలికి లాగేస్తుంది. నేను చెప్పిన చోట అట్ట ఇరుక్కోకుండా బెల్టు మలుపును సరిచేశారు, తెరిస్తే యంత్రం దానంతట అదే ఆగిపోయే కీలు గార్డు పెట్టారు. మరమ్మతు చేసేవారు కరెంటు కట్ చేసి, స్విచ్‌కు తమ సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో ఉంచుకున్నాకే చెయ్యి పెట్టే పద్ధతి వచ్చింది.

సిబ్బంది విభాగం తన రికార్డులు తేవాలి

ప్రతి విచారణలో హాజరు పట్టీ కూడా బల్ల మీద ఉండాలి. ఆ మనిషి చేరి ఎన్ని రోజులైంది, అది వరుసగా ఎన్నవ డ్యూటీ, ఆ వారం ఎన్ని గంటలు ఓవర్‌టైమ్ చేశాడు, పని నేర్పింది ఎవరు? కొత్తగా చేరిన మొదటి నెలల్లో గాయాల ముప్పు ఎక్కువ కనుక, చేరిన రోజు సంతకం పెట్టించుకునే కాగితాన్ని శిక్షణగా లెక్కించకండి. చేసి చూపించి, చేయించి చూడండి. పని గంటల సంగతి ఇంకా తీవ్రమైనది: ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ.

మొదటి కొన్ని నెలల్లో నమోదయ్యే సంఖ్య పెరుగుతుంది. దాన్ని చూసి కంగారుపడి ఎవరినీ నిలదీయకండి. ఇంతకాలం గోడల మధ్య ఉండిపోయిన మాటలు ఇప్పుడు మీ దాకా వస్తున్నాయని అర్థం. అందిన ప్రతి కబురుకూ బాధ్యుడి పేరు, గడువు తేదీ, చేసిన పని నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా ఉంచండి. ‘పూర్తయింది’ అని రాసే అధికారం మరమ్మతు చేసినవారికి ఇవ్వకండి. తన పేరు చెప్పుకున్న మనిషి అయితే, పెట్టె పడిందని మొదట చెప్పిన అతణ్ణే ఆ అర దగ్గరకు తీసుకువెళ్ళి చూపించి, ఇక్కడ నిలబడి పని చేస్తావా అని అడిగి, అతను సరేనన్న తరువాతే ఆ గడి నింపండి.