డైనోసార్ గుడ్డును గుర్తుపట్టాలంటే ముందు కోడిగుడ్డు పెంకు చూడండి

డైనోసార్ గుడ్డు ఫొటో చూపిస్తే చాలు, "ఇది ఏ డైనోసార్‌ది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న చివరికి ఉంచండి. ముందు పెంకు సంగతి చూడాలి. నేను జువాలజీ చదివి అనపర్తి దగ్గర ఒక లేయర్ ఫారంలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. పొద్దున లేస్తే గుడ్ల మధ్యే పని. మా వీధి పిల్లలకు శిలాజ గుడ్ల గురించి ఎలా నేర్పుతానో అలాగే ఇక్కడ రాస్తున్నాను.

పచ్చి కోడిగుడ్డు పగలగొట్టి, వెడల్పు వైపు ఉన్న సగం పెంకు తీసుకోండి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో నానబెడితే లోపలి పల్చటి పొర ఊడి వస్తుంది (పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కన ఉండాలి). బాగా కడిగి ఆరబెట్టి, చిన్న ముక్కను స్క్రూ గేజ్‌లో పెట్టి చూడండి. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు వస్తుంది. మిగతా పెంకుకు లోపలి వైపు నీలం సిరా పూసి కాసేపు వదిలేయండి. బయటి వైపు సన్నటి నీలం చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్క ఒక గాలి రంధ్రం. ఒక కోడిగుడ్డుకు ఇలాంటివి సుమారు 7 వేల నుంచి 17 వేల దాకా ఉంటాయి. లోపలి పిల్లకు ఊపిరి అందేది వీటిలోంచే. ఇక స్కూల్లో మైక్రోస్కోప్ ఉంటే విరిగిన అంచును దాని కింద పెట్టండి. అడుగున మొనదేలిన ముద్దలు వరసగా, వాటి మీద గట్టి పొర కనిపిస్తాయి.

మందం, రంధ్రాలు, లోపలి కట్టుబడి. డైనోసార్ గుడ్డులోనూ చూసేది ప్రధానంగా ఈ మూడే.

చేతికి గుండ్రటి రాయి దొరికితే అది అసలు గుడ్డేనా అన్నది మొదట తేల్చుకోవాలి. ఎంత గుండ్రంగా ఉన్నా సరే, ఆకారాన్ని నమ్మొద్దు. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నంలో డైనోసార్ గుడ్లు దొరికాయని సోషల్ మీడియాలో హోరెత్తిపోయింది. తీరా చూస్తే అవి సముద్ర జీవులైన అమ్మోనైట్ల చుట్టూ గట్టిపడిన మట్టి ముద్దలు. నిజమైన గుడ్డుకు బయట పెంకు ఉంటుంది. దాని మందం దాదాపు అంతటా ఒకేలా ఉంటుంది, ముక్కలకు వంపు ఉంటుంది, పైన బుడిపెలో గీతలో రంధ్రాలో ఉంటాయి. యాసిడ్ చుక్క వేస్తే పొంగింది కాబట్టి గుడ్డే అంటారు కొందరు. సున్నపురాయి కూడా పొంగుతుంది, అది రుజువు కాదు.

గుడ్డేనని తేలాక సైజు, ఆకారం, పైభాగం రాసుకోండి. మన దేశంలో ఎక్కువగా దొరికేవి నర్మదా లోయలో, గుజరాత్ బాలాసినోర్ వైపు లామెటా అనే రాతి పొరల్లోని గుడ్లు. ఇవి గుండ్రంగా, చాలావరకు 15 నుంచి 17 సెంటీమీటర్ల వ్యాసంతో, పైన బుడిపెలతో ఉంటాయి. మాంసాహార డైనోసార్ల బంధువులైన ఓవిరాప్టర్ల గుడ్లు కోలగా, గీతల్లాంటి గరుకుతో ఉంటాయి. ఇవి గూటిలో జంటలు జంటలుగా ఉంటాయి, ఎందుకంటే ఆ జీవికి రెండు గుడ్ల నాళాలూ పనిచేసేవి. మన కోడికి ఎడమ వైపుది ఒక్కటే పనిచేస్తుంది.

అసలు పని ల్యాబ్‌లో జరుగుతుంది. పెంకు ముక్కను గాజు పలక మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా అరగదీసి, పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద చూస్తారు. నిలువుగా ఒక కోత, పెంకుకు సమాంతరంగా ఇంకొకటి. లామెటా గుడ్ల నిలువు కోతలో స్ఫటికాలు తాటాకు విసనకర్ర విప్పినట్టు కింది నుంచి పైకి పరుచుకుంటాయి. ప్రతి కట్ట పైకొస ఒక బుడిపె అవుతుంది. కోడి పెంకులో ఈ కట్టలు పైకి వెళ్లేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రంధ్రాలను సమాంతర కోతలో లెక్కపెడతారు. రంధ్రాలు బాగా ఎక్కువగా ఉంటే ఆ గుడ్లను మట్టిలో పూడ్చిపెట్టేవని, తక్కువైతే పక్షుల్లా బయటే ఉంచేవని అంచనా వేస్తారు.

అప్పుడే పేరు. గుడ్లకు జంతువులతో సంబంధం లేని వేరే వర్గీకరణ ఉంది. గుడ్డు కుటుంబం, గుడ్డు ప్రజాతి, గుడ్డు జాతి అని మూడు మెట్లు. 1970లలో చైనా శాస్త్రవేత్త ఝావో జికుయి ఈ పద్ధతికి దారి వేశారు. ప్రజాతి పేర్లు 'ఊలిథస్'తో ముగుస్తాయి: మెగాలూలిథస్ (పైన చెప్పిన గుండ్రటి లామెటా గుడ్ల లాంటివి), ఎలాంగటూలిథస్ (కోల గుడ్లు) వగైరా. మెగాలూలిథస్‌లో స్ఫటికాల కట్టలు సన్నగా, పొడవుగా స్తంభాల్లా ఉంటే సిలిండ్రికస్ జాతి అంటారు.

వేరే పేరు ఎందుకంటారా? 1923లో మంగోలియాలో దొరికిన కోల గుడ్లు అక్కడ విస్తారంగా ఉన్న ప్రొటోసెరటాప్స్ అనే డైనోసార్‌వే అనుకున్నారు. గూటి మీద దొరికిన వేరే డైనోసార్‌కు గుడ్ల దొంగ అనే అర్థంలో ఓవిరాప్టర్ అని పేరు పెట్టారు. 1990లలో అలాంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిండం బయటపడింది. గుడ్లు దాని కుటుంబానివే! పాపం, ఆ నింద మాత్రం పేరులో ఉండిపోయింది. పిండం దొరికేదాకా తల్లి పేరు చెప్పకూడదని నేను పట్టుబట్టేది అందుకే. మెగాలూలిథస్ లాంటి గుడ్లు పొడవు మెడల టైటనోసార్లవని గట్టిగా తెలిసింది 1997లో అర్జెంటీనాలో పిండాలు దొరికాకే.

నన్ను అన్నిటికన్నా కదిలించినది 2022లో ప్రచురితమైన ఒక గుడ్డు. మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్ల్యాలో దొరికింది. గుడ్డులో గుడ్డు! ఫారంలో ఎప్పుడైనా మరీ పెద్ద గుడ్డు వస్తే పగలగొట్టి చూస్తాం, లోపల పెంకుతో సహా ఇంకో గుడ్డు ఉంటుంది. తయారైన గుడ్డు బయటికి రాకుండా నాళంలో వెనక్కి జారి, తర్వాతి సొనతో కలిసి మళ్లీ పెంకు కట్టించుకుంటుంది. అంతవరకూ పక్షుల్లోనే తెలిసిన ఈ లోపం టైటనోసార్‌లో కనిపించడంతో దాని గుడ్ల నాళం పక్షుల మాదిరిగా భాగాలుగా ఉండేదేమో అన్నారు. ఆ ప్రాంతంలోనే 92 గూళ్లు, 256 గుడ్లు నమోదయ్యాయి. ఆ పరిశోధకుల్లో గుంటుపల్లి ప్రసాద్ గారు ఉన్నారు.

మరి మన గోదారి ఇసుకలో దొరుకుతాయా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దొరకవు. మన డెల్టా నేల కొన్ని వేల ఏళ్ల ఒండ్రు. రాజమండ్రి పక్కన కాతేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాయి మాత్రం దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా, డైనోసార్ల చివరి రోజులది. కానీ ఆ పొరల మధ్య ఉన్నవి ఆల్చిప్పలు, నత్తలు. అక్కడ అప్పుడు సముద్రం ఉండేది. డైనోసార్ ఎముకలు చూడాలంటే హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో తవ్విన కోటసారస్‌ను చూడండి. గుడ్ల కోసమైతే బాలాసినోర్ దగ్గర రైయోలికి వెళ్లాలి.

అలాంటి చోట్లకు వెళ్లినప్పుడు పెంకు ముక్క కనిపించినా తీయొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కో జియలాజికల్ సర్వే ఆఫీసుకో పంపండి. ఏ గుడ్డు పక్కన ఏది, ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆ చోటే. ముక్క జేబులోకి వెళ్లిందంటే ఆ వివరం మళ్లీ రాదు.