సీ భాషలో కేస్ మార్పిడి (ఇంగ్లిష్ చిన్నక్షరాలను పెద్దక్షరాలు చేయడం) వేగం పెంచబోతే స్ట్రింగ్ (అక్షరాల వరుస) చెడిపోతోందా?

సమస్య: పెద్ద స్ట్రింగ్ మీద మార్పిడి నత్తనడక నడుస్తోంది.

అసెంబ్లీ భాష జోలికి వెళ్లేముందు లూప్ షరతు చూడండి. అందులో స్ట్రింగ్ పొడవు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్ ఉందా? లూప్ లోపల అదే స్ట్రింగ్‌లోకి రాస్తున్నారు కాబట్టి పొడవు మారదని కంపైలర్ నమ్మలేదు. ప్రతి అక్షరానికీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. పొడవు రెట్టింపైతే సమయం నాలుగింతలు. పొడవును లూప్ బయట ఒక్కసారే తీసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది దీన్నే.

సమస్య: స్ట్రింగ్ మొదటి ఖాళీ దగ్గరే తెగిపోతోంది.

ఆస్కీలో (ఇంగ్లిష్ అక్షరాలకు సంఖ్యలిచ్చే పద్ధతి) ఇంగ్లిష్ 'ఎ' పెద్దది 65, చిన్నది 97, తేడా 32, అంటే ఒక్క బిట్. ఆ బిట్ తీసేస్తే చాలనుకుని అన్ని బైట్లకూ తీసేశారు. ఖాళీ విలువే 32. బిట్ పోతే సున్నా, అంటే స్ట్రింగ్ ముగింపు. అక్షరమో కాదో ముందు చూడాలి.

సమస్య: లైబ్రరీలోని పెద్దక్షరం చేసే ఫంక్షన్ టుఅప్పర్ బాగానే ఉండేది, ప్రతి బైట్‌కూ జవాబు ముందే రాసుకున్న సొంత 256 గడుల టేబుల్ పెట్టాక కొన్ని ఇన్‌పుట్‌లకు చెత్త వస్తోంది, అప్పుడప్పుడు క్రాష్.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. చార్ (ఒక బైట్ పట్టే టైప్) సైన్డా, అంటే రుణ సంఖ్యలూ పడతాయా, కాదా అన్నది సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. ఎక్స్86 ప్రాసెసర్లలో సాధారణంగా సైన్డ్, ఆర్మ్ ప్రాసెసర్ల లైనక్స్‌లో అన్‌సైన్డ్. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు 'అ' మూడు బైట్లు: 224, 176, 133. సైన్డ్ చార్‌లో 224 అంటే -32. టేబుల్‌కు 32 గడుల వెనక ఉన్న మెమరీ చదువుతున్నారన్నమాట. ఇంగ్లిష్‌తో పరీక్షిస్తే ఎప్పటికీ బయటపడదు, ఆర్మ్ లైనక్స్ మీదా పడదు. పైగా లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ తన టేబుల్‌ను -128 నుంచి కట్టుకుంది. పాత కోడ్‌లోనూ ఇదే తప్పు ఉన్నా అది కాచుకొచ్చింది. మీ టేబుల్ కాచుకోదు.

ఇక్కడే రెండో గుంట ఉంది. అన్‌సైన్డ్ ఇంట్‌కు కాస్ట్ చేస్తే (టైప్ మారిస్తే) -32 కాస్తా 4294967264 అవుతుంది. కాస్ట్ చేయాల్సింది అన్‌సైన్డ్ చార్‌కు. లైబ్రరీ టుఅప్పర్‌కు ఇచ్చేటప్పుడూ అంతే. అనుమానం ఉంటే మెమరీ తప్పులు పట్టే అడ్రెస్ శానిటైజర్‌తో నడపండి, చాలాసార్లు ఆ లైన్ దగ్గరే పట్టిస్తుంది.

నిజానికి ఆస్కీ వరకే అయితే టేబుల్ అక్కర్లేదు. బైట్‌లోంచి 97 తీసి, ఫలితాన్ని అన్‌సైన్డ్‌గా చూసి, 26 కన్నా తక్కువైతేనే 32 తగ్గించండి. 128 పైబడిన బైట్లు వాటంతటవే పక్కన ఉండిపోతాయి. ఇలాంటి లూప్‌ను కంపైలర్ తానే వెక్టరైజ్ చేయగలదు (ఒకేసారి చాలా బైట్లు మార్చేలా); టేబుల్ ఉంటే దానికి చేతులు కట్టేసినట్టే.

టర్కిష్ చుక్కలేని 'ఐ', ఎబ్సిడిక్ (ఆస్కీకి భిన్నమైన సంఖ్యలు వాడే పద్ధతి) యంత్రాలు లాంటివి అవసరమైనవాళ్లకు ముందే తెలుసు. జర్మన్ అక్షరం ఎస్‌జెట్ పెద్దక్షరాల్లో రెండు ఎస్‌లు అవుతుంది; అది బైట్ స్థాయిలో తేలే పని కాదు, యూనికోడ్ లైబ్రరీకి వదిలేయండి.

మార్చాక 0 నుంచి 255 దాకా ప్రతి బైట్‌నూ పాత, కొత్త కోడ్‌లకు ఇచ్చి పోల్చండి. పాతదాన్ని సీ లొకేల్‌లోనే (ఏ ప్రాంతీయ భాషా నియమాలూ లేని సెట్టింగ్) నడపండి.