చెనక్కాయ విత్తే ముందు చూసుకోవాల్సినవి

మృగశిర కార్తెలో ఒక జల్లు పడి, పక్క చేలో ట్రాక్టర్ దిగిందంటే చాలు, మనకూ కాలు నిలవదు. అనంతపురం, సత్యసాయి జిల్లాల ఎర్ర నేలల్లో వానను నమ్ముకుని వేసే వేరుశనగకు, అదే మన చెనక్కాయకు, ఈ తొందరే పెద్ద శత్రువు. పైన రెండు అంగుళాలు తడిసి కింద పొడిగా ఉంటే గింజ ఉబ్బుతుంది, మొలక కూడా వస్తుంది, ఆ తర్వాత వారం రోజులు ఎండ కాస్తే వేరుకు కింద తేమ దొరక్క మాడిపోతుంది. మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ బాడుగ కట్టాలి. జూలై నెలాఖరు దాకా విత్తుకోవచ్చు కాబట్టి మొదటి జల్లుకే టెన్షన్ పడకండి.

పదును, అంటే విత్తడానికి తగిన తేమ, చూడటం కష్టమేమీ కాదు. చేలో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి, అడుగు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ముద్ద కట్టకుండా రాలిపోతే తేమ చాలదు. ముద్ద కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగు ముక్కలైతే సరైన పదును. కింద పడ్డాక కూడా చెదరకుండా అలాగే ఉంటే ఇంకా బురదే, ఒకరోజు ఆగాలి. లేకపోతే విత్తే గొర్రు పళ్ళకు మట్టి పట్టేసి గింజ ఒకచోట కుప్పగా, ఒకచోట అసలే లేకుండా పడుతుంది. తేలిక ఎర్ర నేలకు ఒక్క వానలో 20 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా సరిపోతుంది, నల్లరేగడికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. ఎర్ర నేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు, అందుకే విత్తనం పని మొత్తం వానకు ముందే అయిపోవాలి.

అందులో మొదటిది మొలక పరీక్ష. సంచిలో చెయ్యి పెట్టి వచ్చినవి వచ్చినట్టు 100 గింజలు తీయండి, మంచివి ఏరితే పరీక్షకు అర్థమే ఉండదు. తడిపిన గోనె పట్టా మీద పది వరుసల్లో పేర్చి, చుట్టి, నీడలో పెట్టి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఐదారు రోజులకు విప్పి చూడండి. గట్టి తెల్లటి వేరు వచ్చినవే లెక్క, బూజు పట్టినవి, కొసన కుళ్ళినవి లెక్కలోకి రావు. 70 కంటే తక్కువ వస్తే ఆ విత్తనం వద్దు.

ఇప్పుడు ఎకరాకు ఎంత కావాలో మీరే లెక్క కట్టుకోవచ్చు. చాలుకూ చాలుకూ 30 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు అంటే ఎకరాకు దాదాపు 1.33 లక్షల మొక్కలు. మీ రకంలో వంద గింజలు 40 గ్రాములు తూగితే 53 కిలోలు, మొలక 80 శాతం ఉంటే 66 కిలోల దాకా పోయాలి. గింజ లావుగా ఉంటే ఇంకా పెరుగుతుంది. అందరూ ఇంతే పోస్తారని పోయడం కంటే ఈ లెక్క మేలు.

కాయలు కొని, విత్తే రోజులు దగ్గరపడ్డాకే ఒలిపించుకోండి, ఒలిచిన పప్పు నిల్వ ఉంటే మొలక పడిపోతుంది. ఒలిచాక ఒక గింజను వేళ్ళ మధ్య పెట్టి చూడండి. మొనదేలిన కొసలోనే మొలక ఉంటుంది, ఆ కొస చిట్లినా, గులాబీ పొర లేచి లోపలి తెలుపు కనిపించినా పక్కన పెట్టేయాలి. మిషన్‌లో ఒలిచిన పప్పులో ఇలాంటివి ఎక్కువ, ఏరడానికి కూలీ పెట్టినా నష్టం లేదు.

విత్తన శుద్ధికి వరుస ముఖ్యం. ముందు శిలీంధ్రపు (బూజు తెగుళ్ళ) మందు, కిలో గింజలకు మాంకోజెబ్ 3 గ్రాములు లేదా టెబుకొనజోల్ పొడి 1 గ్రాము. తర్వాత వేరుపురుగు బెడద ఉన్న చేలకు పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ కిలోకు 2 మిల్లీలీటర్లు. నీడలో ఆరాక చివర్లో రైజోబియం అనే సూక్ష్మజీవుల ఎరువు, ఇది ఎప్పుడూ వేరుశనగ వేయని చేలకు తప్పనిసరి. అది బతికున్న జీవి, మందుల కంటే ముందు పట్టిస్తే చచ్చిపోతుంది. గట్టిగా రుద్దితే పొర ఊడుతుంది కాబట్టి మెల్లగా కలపండి, చేతికి తొడుగు వేసుకోండి. మందు పట్టించిన గింజ మిగిలితే ఇంట్లో వాడకండి, పశువులకు పెట్టకండి.

విత్తేటప్పుడు లోతు 5 సెంటీమీటర్లు. ట్రాక్టర్ గొర్రు అయితే మొదటి రెండు చాళ్ళు తోలాక ఆపించి, నాలుగు చోట్ల వేలితో మట్టి తీసి కొలవండి, డ్రైవర్ విసుక్కున్నా సరే. పైపైన పడితే కాకులు, ఉడతలు తినేస్తాయి, లేదా ఎండిపోతుంది. మరీ లోతైతే పైకి రాకముందే కుళ్ళుతుంది. చిన్న కమతమైతే నాగలి చాలు వెంట ఆడవాళ్ళు చేత్తో వేసే పద్ధతే నాకు నచ్చుతుంది, విత్తనం ఆదా, దూరం కూడా సరిగ్గా వస్తుంది. ఎరువును గింజతో కలిపి ఒకే గొట్టంలో పోయకండి, గింజ పక్కగా, కాస్త కిందుగా పడాలి. ప్రతి 7 లేదా 11 చాళ్ళకు ఒక చాలు కంది వేసుకుంటే చెనక్కాయ దెబ్బతిన్నా కొంత చేతికొస్తుంది.

విత్తిన వెంటనే పెద్ద వాన పడి పైన చెక్కు కడితే, మొలకలు పైకి రాకముందే తేలిగ్గా ఒకసారి కదిలించాలి. పది రోజులకు చేను తిరిగి చూసి, సందులున్న చోట పదును ఉండగానే గింజ నాటండి. ఆగస్టు వచ్చినా వాన రాకపోతే వేరుశనగ విత్తనం కోసం అప్పు చేయకండి, ఉలవ లాంటివి ఆ తర్వాత కూడా వేసుకోవచ్చు.