రేవు దాటి రోజూ డ్యూటీకి: ఫెర్రీలో వెళ్లేవాళ్లకు నాకు తెలిసిన సంగతులు

నేను 9 ఏళ్లుగా ఫెర్రీలోనే డ్యూటీకి వెళ్తున్నాను. ఇల్లు ఈ ఒడ్డున, పనిచేసే ఆసుపత్రి ల్యాబ్ అవతలి ఒడ్డున. మధ్యలో హార్బర్. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్తే గంటకు పైనే పడుతుంది, నీటి మీద 18 నిమిషాలు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను మొదట అడిగేది, "రోజూ పడవంటే భయం వేయదా అక్కా?" అనే. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెప్తున్నాను. నడినీళ్లలో ఉన్న కాసేపటి గురించి బెంగ అక్కర్లేదు, అది చూసుకోవడానికి పడవ నడిపే సరంగు ఉన్నాడు. మనం చూసుకోవాల్సింది ఎక్కేటప్పుడు ఒక నిమిషం, దిగేటప్పుడు ఒక నిమిషం. నేను దెబ్బ తిన్నదీ, వేరేవాళ్లు తింటుంటే చూసిందీ ఆ రెండు నిమిషాల్లోనే.

ముందు టైం సంగతి. టైంటేబుల్‌లో రాసేది పడవ రేవు వదిలే టైం. గేటు అంతకు ముందే మూసేస్తారు. ఎంత ముందన్నది రేవును బట్టి మారుతుంది, కాబట్టి మొదటి రోజే అడిగి తెలుసుకోండి. బస్సు కదిలాక కూడా డ్రైవరు దయతలిస్తే ఆగుతుంది. పడవ అలా కాదు. మోకు విప్పి గట్టుకు అడుగు దూరం జరిగిందంటే ఇక దాన్ని వదిలేసుకోవాల్సిందే. ఆ అడుగు దూరమే కదా అని దూకబోయేవాళ్లను చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ నా గుండె జారిపోతుంది. కాలు తప్పితే పడేది నీళ్లలో మాత్రమే కాదు, అన్ని టన్నుల పడవకూ రాతిగట్టుకూ మధ్యనున్న సందులో. దయచేసి దూకకండి. ఇంకో పడవ వస్తుంది.

ఫెర్రీలో "కాస్త సర్దుకోండి" అనే మాట కూడా చెల్లదు. ఎంతమందిని ఎక్కించొచ్చో లైసెన్సులోనే ఉంటుంది, ఆ లెక్క నిండగానే ఆపేస్తారు. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో తిరిగే పెద్ద పడవల్లో 100 మందికే చోటు. అందుకని రద్దీ వేళల్లో మీకు సరిపోయే పడవను కాక, దానికి ముందు పడవను లెక్కలో పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరండి. నేను ఈ ఒక్క అలవాటు చేసుకున్నాక డ్యూటీకి ఆలస్యం కావడం దాదాపు మానేశాను.

ఇక అసలు విషయం, నీటిమట్టం. సముద్రాన్ని ఆనుకున్న హార్బర్లలో ఎక్కువ చోట్ల రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు ఉంటాయి. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పొద్దున 7 గంటలకు నిండుగా ఉన్న నీరు రేపు ఏ 7:50కో నిండుతుంది. నీటితో పాటు పడవ కిందికి దిగుతుంది, గట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండింటినీ కలిపే బల్ల ఒకరోజు చదునుగా, ఇంకోరోజు అదే వేళకు జారుడుబల్లలా ఉండటానికి కారణం అదే. కొచ్చిలోలాగా పాంటూన్లు, అంటే నీటి మీద తేలే వేదికలు, ఉన్న రేవుల్లో పడవా పాంటూనూ కలిసి దిగుతాయి, కలిసి లేస్తాయి కాబట్టి ఎక్కే చోట ఎత్తు తేడా ఉండదు. కానీ ఒడ్డు నుంచి పాంటూన్ మీదికి దిగే దారి వాలు అక్కడా మారుతుంది.

చందమామను చూస్తే చాలావరకు ముందే తెలిసిపోతుంది. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, ఆటుకు నీరు బాగా తీసేస్తుంది. ఒక రేవులో ఈ పెద్ద ఆటు ఇంచుమించు ఎప్పుడూ ఒకే వేళకు వస్తుంది. మా రేవులో అది సరిగ్గా నా పొద్దుటి పడవ వేళ. చేరిన రెండో వారంలో నాకీ సంగతి తెలియదు. నున్నటి అడుగున్న కొత్త చెప్పులు, రెండు చేతుల్లో రెండు సంచులు, గేటు మూసేస్తారేమోనని పరుగు. ముందు రోజుల్లో చదునుగా ఉన్న బల్ల ఆ పొద్దున నిలువునా కిందికి దిగి ఉంది. దాని కింది సగం రాత్రంతా నీళ్లలో నానింది, పచ్చటి నాచు పొర కంటికి కనిపించనంత పల్చగా అంటుకుని ఉంది. కాలు వేయగానే జారింది. మోకాలు బల్ల బద్దె మీద పడింది, ఒక సంచి నీళ్లలోకి పోయింది. పడవలో పనిచేసే కళాసీ రెక్క పట్టుకుని ఆపకపోతే నేనూ దాని వెనకే వెళ్లేదాన్ని. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. రేవుకు వెళ్లేటప్పుడు గాళ్లున్న రబ్బరు అడుగు చెప్పులే. సామాను భుజానికి, ఒక చేయి ఎప్పుడూ ఖాళీగా, ఆ చేయి కమ్మీ మీద. బల్ల మీద అడ్డంగా కొట్టిన బద్దెల మీదే అడుగు వేస్తాను. వాలు ఎక్కువైతే కాస్త పక్కకు తిరిగి దిగుతాను. తడి రంగు మారే చోట, అంటే నిన్నటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో ఆ గీత దగ్గర, తప్పకుండా నెమ్మదిస్తాను. నాచు మొదలయ్యేది అక్కడే. మీ హార్బరు ఆటుపోట్ల పట్టిక దొరుకుతుంది, ఫోన్లో పెట్టుకోండి. నేను పెద్ద ఆటు రోజులకు క్యాలెండర్లో "చెప్పులు" అని రాసి పెట్టుకుంటాను.

దిగేటప్పటి సంగతికి వస్తే, పడవను గట్టుకు కట్టే తీరు ఒక్కసారి తీరిగ్గా గమనించండి. ఎప్పుడు లేవాలో అదే చెప్తుంది. ముందు ఇంజన్ వెనక్కి తిరుగుతుంది, నీళ్లు తెల్లగా నురగలు కక్కుతాయి, ఆ వణుకు అరికాళ్లకు తెలుస్తుంది. పడవ గట్టు మీది రబ్బరు దిమ్మెలను ఒత్తి, ఒక్కసారి వెనక్కి తన్నుకుంటుంది. నిలబడినవాళ్లు తూలేది ఆ క్షణంలోనే. కళాసీ మోకు మెలిని విసిరి ఇనుప గుంజకు తగిలిస్తాడు. మోకు బిగుస్తుంటే దాని పేటల్లోంచి నీళ్లు తడిబట్ట పిండినట్టు కారతాయి, కిర్రుమని మూలుగుతుంది. ఆ మూలుగు ఆగి, పడవ ఇంకోసారి చిన్నగా ఊగి కుదురుకుంటుంది. అప్పుడు బల్ల వేసి, గొలుసు తీస్తాడు. ఆ గొలుసు తీసేదాకా కూర్చునే ఉండండి. బిగిసిన మోకుకు దగ్గరగా, దాని వరసలో ఎప్పుడూ నిలబడొద్దు. తెగితే కొరడాలా తగులుతుంది.

కూర్చోమనడం చాదస్తంలా అనిపిస్తుందేమో. 2013 జనవరి 9న న్యూయార్క్‌లో, మాన్‌హాటన్ రేవులోకి వస్తున్న ఒక ప్రయాణికుల ఫెర్రీ గట్టును ఢీకొని 80 మంది గాయపడ్డారు. పొద్దున్నే ఆఫీసులకు వెళ్తున్నవాళ్లు. దిగే తొందరలో చాలామంది అప్పటికే లేచి నిలబడ్డారు, కొందరు మెట్ల మీద ఉన్నారు. ఆ వార్త తెలిశాక నేను పడవ కట్టకముందు మెట్ల మీద కాలు పెట్టలేదు. ముందు దిగితే మిగిలేది ఒక నిమిషం. ఆ నిమిషం కావాలంటే సీటు తెలివిగా ఎంచుకోవాలి.

సీటు ఎక్కడ అంటే, పడవ రకాన్ని బట్టి. హాంగ్‌కాంగ్ స్టార్ ఫెర్రీ, న్యూయార్క్ స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ లాంటివి రెండు మొనల పడవలు, వెనక్కి తిరగాల్సిన పని లేదు. స్టార్ ఫెర్రీలో చెక్క సీట్ల వీపు కూడా ఇటు నుంచి అటు మళ్లించుకోవచ్చు, పడవ ఎటు వెళ్తే అటు ముఖం పెట్టుకుని కూర్చుంటారు. ఇలాంటి పడవల్లో ఎక్కిన చివర కాక అవతలి చివర దిగుతారు కనుక నేరుగా లోపలికి నడిచి ముందు చివరకు వెళ్లిపోవాలి. 1977 నుంచి నడుస్తున్న వాంకూవర్ సీబస్‌లో ఒక పక్క తలుపుల్లోంచి దిగుతుంటే రెండో పక్క నుంచి ఎక్కుతారు. అక్కడ కూడా అవతలి పక్కకు జరిగి కూర్చున్నవాళ్లే ముందు దిగుతారు. మా పడవలాగా ఎక్కిన తలుపులోంచే దిగేదైతే, తలుపుకు దగ్గరగా, దారికి అడ్డం లేకుండా ఉన్న సీటు వెతుక్కోండి.

కడుపులో తిప్పేవాళ్లు మాత్రం ఈ లెక్కలన్నీ మానేసి కింది అంతస్తులో, పడవ నడుమ కూర్చోవాలి. ఊపు అక్కడే తక్కువ. ఫోన్ లోపల పెట్టేసి దూరంగా కదలని దేన్నైనా, అవతలి ఒడ్డునో నీరూ ఆకాశమూ కలిసే గీతనో చూడండి. గాలి తగిలే చోటైతే ఇంకా మంచిది. హార్బర్ లోపల నీరు మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, సముద్రానికి తెరుచుకున్న చోటే అసలు ఊపు. సిడ్నీలో మ్యాన్లీ వెళ్లే ఫెర్రీ హార్బర్ ముఖద్వారం ఎదురుగా దాటాలి, అక్కడ మహాసముద్రం అలలు నేరుగా లోపలికి వస్తాయి. అవి మరీ పెద్దవైన రోజు పడవలు ఆపి బస్సులు వేస్తారు. మీ దారిలో అలాంటి చోటు ఎక్కడుందో, ఎన్నో నిమిషంలో వస్తుందో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ కాసేపూ లేచి నడవకండి. పెద్ద ఓడ దాటిపోయాక కూడా అంతే. ఓడ వెళ్లిపోయిన తర్వాత కాసేపటికి దాని అలలు వస్తాయి, అప్పటికి అందరూ దాన్ని మర్చిపోయి ఉంటారు.

హారన్ల భాష కొంచెం తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మూడు పొట్టి కూతలంటే ఇంజన్ వెనక్కి నడుస్తోందని. అయిదో అంతకంటే ఎక్కువో పొట్టి కూతలు వరసగా వస్తే, ఎదుటి పడవ ఏం చేస్తోందో అర్థం కావట్లేదు, జాగ్రత్త అని. అప్పుడు కమ్మీ పట్టుకుని కూర్చోండి. పొగమంచులో నడుస్తున్నప్పుడు రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు కూత వేస్తూనే ఉంటారు. మొదట్లో అది వింటే నాకు కాళ్లు చల్లబడేవి. సరంగు తన పని తాను చేస్తున్నాడని చెప్పే కూత అది.

లైఫ్‌జాకెట్లు ఎక్కడున్నాయో మొదటి రోజే చూసుకోండి. చాలా పడవల్లో సీటు కిందో పైన అరలోనో ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు పిల్లల సైజు ఎక్కడున్నాయని తప్పనిసరిగా అడగండి. 2012 అక్టోబర్ 1న హాంగ్‌కాంగ్‌లో లామా దీవి దగ్గర రెండు పడవలు ఢీకొని 39 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మునిగిన పడవలో పిల్లల లైఫ్‌జాకెట్లే లేవని విచారణలో తేలింది. అడగడానికి మొహమాటం వద్దు. రోజూ ప్రయాణించేవాళ్లు అడుగుతుంటేనే ఆ అరలు ఖాళీ కాకుండా ఉంటాయి.

పడవలు ఆగే రోజులు ఏడాదికి కొన్ని ఉంటాయి. ఇస్తాంబుల్‌లో లోదోస్ అనే దక్షిణపు గాలి గట్టిగా వీస్తే ఫెర్రీలు ఆపేస్తారు. ఇంకో చోట మంచు, ఇంకో చోట తుఫాను. రోడ్డు దారి మీకు ఎప్పుడూ చేతిలో ఉండాలి. సెలవు రోజున ఒకసారి అటు నుంచి వెళ్లి చూసి, ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. రాత్రి చివరి పడవ మీద మాత్రం ఎప్పుడూ ఆధారపడకండి, దానికి ముందు పడవే మీ చివరి పడవ అనుకోండి.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పాలి. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక నెలన్నర పాటు చెకప్‌లకు ఫెర్రీలోనే తీసుకెళ్లాను. అపాయింట్‌మెంట్ టైం డాక్టర్ని బట్టి కాకుండా పోటును బట్టి అడిగేదాన్ని. నీరు నిండుగా ఉన్నప్పుడు బల్ల గట్టుకు సమంగా ఉంటుంది, నెట్టేవాళ్లకు అలసట ఉండదు, కూర్చున్నవాళ్లకు భయం ఉండదు. రేవు సిబ్బందికి ముందే చెప్తే అందరికంటే ముందు ఎక్కిస్తారు. వాలు కిందికి దిగాల్సి వస్తే కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి మెల్లగా దించండి. ముందుకు తిప్పి దించితే మనిషి జారిపోతారు. బల్ల చివర, పడవ అంచు కలిసే చోట చిన్న గాడి ఉంటుంది. ముందు చక్రాలు అందులో చిక్కుకుంటాయి కాబట్టి అక్కడ కుర్చీని కొద్దిగా వెనక్కి ఒరిగించి దాటించాలి. లోపలికి వెళ్లాక గోడకు ఆనించి, రెండు బ్రేకులూ వేసి, మీరు పక్కనే కూర్చోండి. అమ్మ మొదటిసారి నా చేయి వదల్లేదు. మూడోసారికి కిటికీ పక్కన పెట్టమని తనే అడిగింది.