అరకు హోమ్‌స్టేకి సోలార్ ఎలా పెట్టుకోవాలి? ముందు వేణ్ణీళ్ళు, తర్వాతే కరెంటు

అరకు, లంబసింగి, వంజంగి వైపు నవంబర్ నుంచి జనవరి దాకా రూములు దొరకడమే కష్టం, కరెంటేమో ఎప్పుడు పోతుందో తెలీదు, దాంతో చాలా హోమ్‌స్టేల వెనకాల ఒక జెనరేటర్ మోగుతూనే ఉంటుంది. మంచు చూద్దాం, రెండ్రోజులు ప్రశాంతంగా ఉందాం అని వైజాగ్ నుంచి 115 కిలోమీటర్లు ఘాట్ ఎక్కి వచ్చినవాళ్ళకి పొద్దున్నే ఆ సౌండు, ఆ డీజిల్ వాసన. పెరట్లో స్నానాల నీళ్ళ కోసం కట్టెలు కాలుతుంటాయి, ఆ కట్టెలు ఎక్కడివంటే జనం ఏ అడవిని చూడ్డానికి వస్తున్నారో ఆ అడవివే. పక్కనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోంది, దిగువ సీలేరులో ఇంకో పెద్ద ప్రాజెక్టు ఉంది, అయినా ఆ కొండల్లోనే డీజిల్ తగలబెట్టుకోవాల్సి రావడం నాకైతే చాలా బాధగా ఉంటుంది.

అందుకే ఐదు రూములున్న ఒక మామూలు హోమ్‌స్టేని లెక్కలోకి తీసుకుని ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాతో రాస్తున్నా.

1. కొటేషన్ అడిగే ముందు లెక్క రాసుకోండి

చాలామంది నేరుగా సోలార్ వాళ్ళకి ఫోన్ చేసి ఎన్ని కిలోవాట్లు పెట్టాలండీ అని అడుగుతారు, వాళ్ళు బిల్లు చూసి పెద్ద సైజు చెప్పేస్తారు. అలా కాకుండా ఒక కాగితం మీద ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు అని రాయండి. లైట్లు, ఫోన్ ఛార్జింగ్, టీవీ, ఫ్రిజ్, నీళ్ళ మోటారు అన్నీ కలిపినా ఐదు రూములకి రోజుకి 7, 8 యూనిట్లు దాటడం కష్టం, చలికాలం కదా, ఫ్యాన్లు కూడా తిరగవు. అసలు కరెంటు తినేది గీజర్. వంద లీటర్ల నీళ్ళని 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి తేవాలంటే మూడున్నర యూనిట్లు కావాలి, రూముకి వంద లీటర్లు అనుకుంటే ఐదు రూములకి 17 యూనిట్లు దాటిపోయింది. అంటే మిగతా ఇల్లంతా కలిపి వాడేదానికి రెండు రెట్లు పైనే ఒక్క స్నానాలకే పోతోంది.

ఇదే జెనరేటర్ మీద నడిపితే ఇంకా దారుణం. లీటర్ డీజిల్‌కి 3 యూనిట్లు వస్తే గొప్ప, చిన్న జెనరేటర్లకి అది కూడా రాదు, అంటే డీజిల్ వంద రూపాయల దగ్గర ఉంటే యూనిట్‌కి 30 రూపాయల పైనే పడుతున్నట్టు.

2. సోలార్ వాటర్ హీటర్ పెట్టండి

వేడి కావాల్సిన చోట ఎండని నేరుగా వేడిగానే వాడుకోవాలి, ఎండతో కరెంటు చేసి మళ్ళీ ఆ కరెంటుతో నీళ్ళు కాచడం దండగ. తిరుమలలో అన్నప్రసాదం వంటకి 2002లోనే 106 సోలార్ డిష్‌లు పెట్టి, ఆ ఆవిరితో రోజుకి 15 వేల మందికి వండేలా ఏర్పాటు చేశారు, అక్కడా ఇదే సూత్రం.

చలి ప్రాంతానికి గాజు గొట్టాల రకం బాగా పనిచేస్తుంది, ఈటీసీ అంటారు. ఐదు రూములకి 500 లీటర్లది ఒక్కటి కాకుండా 200, 300 అని రెండు పెట్టుకుంటే ఒకటి రిపేర్‌కి వచ్చినా గెస్టులకి ఇబ్బంది ఉండదు. మీ నీళ్ళలో ఉప్పు ఎక్కువుంటే ముందే చెప్పండి, గొట్టాల్లో గార కట్టేస్తుంది.

అరకులో పొద్దున 9, 10 దాకా మంచు ఉంటుంది కదా, ఇక సోలార్ ఏం పనిచేస్తుంది అని అందరూ అడుగుతారు. మీ గెస్టు పొద్దున 6కి స్నానం చేసేది నిన్న మధ్యాహ్నం ఎండకి కాగిన నీళ్ళతో. మంచు విడిచాక అక్కడ కాసే ఎండ చాలా శుభ్రంగా ఉంటుంది, పైగా వానలు పోయి ఆకాశం తేటపడే నెలలు, టూరిస్టులు వచ్చే నెలలు ఒకటే, ఇంతకన్నా కలిసొచ్చే సంగతి ఏముంటుంది. చూసుకోవాల్సిందల్లా రాత్రంతా ఆ వేడి నిలబడటం. సాయంత్రం ఎవరైనా ఎక్కువ నీళ్ళు వాడేస్తే ట్యాంకులోకి చన్నీళ్ళు దిగి పొద్దున్నకి మొత్తం గోరువెచ్చగా అయిపోతుంది, కాబట్టి ఒక ట్యాంకు లైన్‌ని సాయంత్రం వాల్వ్ తిప్పి ఆపేయండి, తెల్లారాక వదలండి. ట్యాంకు నుంచి బాత్రూమ్‌కి పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, దాని మీద ఫోమ్ తొడుగు తప్పనిసరి, లేదంటే వేణ్ణీళ్ళు వచ్చేలోపు గెస్టు బకెట్ చన్నీళ్ళు పారబోస్తాడు. ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా ఇస్తారు, అది ముసురు పట్టిన రోజుకి మాత్రమే, దాని స్విచ్ మీ చేతిలో ఉండాలి, ఆన్‌లో వదిలేస్తే మళ్ళీ గీజర్ పెట్టుకున్నట్టే.

3. ఇప్పుడు ప్యానెల్స్

గీజర్ భారం తీసేశాక రోజుకి 8 యూనిట్లే కదా కావాల్సింది. ఒక కిలోవాట్ ప్యానెల్స్ సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తాయి, మంచు, మబ్బు లెక్కేసుకున్నా 3 కిలోవాట్లు సరిపోతాయి. గీజర్లతో సహా అయితే ఏడు, ఎనిమిది కావాల్సి వచ్చేది.

ప్యానెల్స్ దక్షిణం వైపు, సుమారు 18 డిగ్రీల వాలుతో పెట్టాలి. ఇక్కడ పెద్ద శత్రువు సిల్వర్ ఓక్ చెట్టు. కాఫీకి నీడ కోసం వేసినవే ఇంటి చుట్టూ కూడా ఉంటాయి, ఒక ప్యానెల్ మీద సగం నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది. చెట్లు కొట్టకండి, దయచేసి. మంచు విడిచాక పది గంటలకి, మధ్యాహ్నం మూడు గంటలకి పైకెక్కి నీడ ఎక్కడ పడుతోందో చూసి, పడని చోటే పెట్టించండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కి కలిపేది, కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, నెత్తిన ఎండ మండుతున్నా సరే. లైన్ మీద పనిచేసే లైన్‌మేన్‌కి షాక్ కొట్టకుండా అలా డిజైన్ చేశారు. ఇది తెలీక సోలార్ పెట్టించుకుని, కరెంటు పోగానే మళ్ళీ జెనరేటర్ తీసేవాళ్ళున్నారు. కాబట్టి కొండల మీద లైన్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, రాత్రి లైట్లకీ ఫ్రిజ్‌కీ సరిపడా లిథియం బ్యాటరీ తీసుకోండి, మిగిలిన కరెంటు డిస్కంకి, అంటే కరెంటు పంపిణీ సంస్థకి పోయి మీ బిల్లులో తగ్గుతుంది, దీన్నే నెట్ మీటరింగ్ అంటారు.

సబ్సిడీ సంగతి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేలు వస్తుంది కానీ అది ఇంటి కనెక్షన్‌కే, కమర్షియల్ మీటర్‌కి రాదు. మీ మీటర్ ఏ కేటగిరీలో ఉందో, గెస్టులకి రూములిస్తే ఏది ఉండాలో ముందే డిస్కం ఆఫీసులో అడిగి తేల్చుకోండి, సబ్సిడీ వస్తుందిలే అని ఎవరో చెప్తే నమ్మి అడ్వాన్స్ ఇవ్వద్దు.

ఎర్తింగ్, పిడుగుల అరెస్టర్, గట్టి స్టాండు ఈ మూడింట్లో పైసా కూడా తగ్గించకండి. వేసవిలో ఆ కొండల మీద పిడుగులు తెలిసిందే, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ గాలికి కాఫీ తోటల్లో చెట్లు ఎలా కూలాయో కూడా చూశాం.

4. వంటిల్లు

వంటకి బయోగ్యాస్ ఓపిక ఉన్నవాళ్ళకే. రెండు ఘనపు మీటర్ల బయోగ్యాస్ ప్లాంటుకి రోజుకి 50 కిలోల దాకా పేడ కావాలి, పశువులుంటేనే ఆలోచించండి, సరిగ్గా సీజన్‌లో చలికి గ్యాస్ తగ్గిపోతుంది కూడా. బొంగులో చికెన్‌కి ఎలాగూ నిప్పులు కావాలి, అది మానెయ్యమని ఎవరూ అనట్లేదు, నీళ్ళు కాచడానికి కట్టెలు ఆపితే చాలు.

5. ఎలక్ట్రిక్ కారు గెస్టులు

ఘాట్ ఎక్కేసరికి కారు బ్యాటరీ బాగా దిగిపోతుంది, అందుకని ఛార్జింగ్ ఉన్న రూమే వెతుక్కుంటారు. మంచి వైరింగ్‌తో విడిగా ఒక 16 ఆంప్స్ పాయింట్, దానికో సబ్ మీటర్ పెట్టండి. రాత్రంతా పెడితే 25, 30 యూనిట్లు లాగుతుంది, అది మీ 3 కిలోవాట్ల వల్ల కాదు, డిస్కం కరెంటే, కాబట్టి యూనిట్ లెక్కన డబ్బు తీసుకోండి, రేటు రూమ్ బుక్ చేసేటప్పుడే చెప్పండి, ఆ పాయింట్ పెట్టే ముందే మీటర్ లోడ్ పెంచుకోండి.