చర్మం కందకముందే జాగ్రత్తపడటం ఎలా?

ఎండలో తిరిగి వచ్చాక చర్మం కందకపోతే నష్టమేమీ జరగలేదని చాలామంది అనుకుంటారు. అయితే కందడానికి చాలనంత తక్కువ మోతాదులో అతినీలలోహిత (యూవీ) కిరణాలు సోకినా చర్మంలోని రోగనిరోధక వ్యవస్థ మందగించగలదు. కాబట్టి ఎప్పుడు జాగ్రత్తపడాలో చర్మం రంగును బట్టి కాక, ఆ కిరణాల తీవ్రతను అంకెల్లో చెప్పే యూవీ సూచికను బట్టి నిర్ణయించుకోవాలి.

ముందుగా లోపల జరిగేది తెలుసుకోవాలి. యూవీ-ఎ కిరణాలు లోపొర దాకా చొచ్చుకుపోయి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను దెబ్బతీస్తాయి; యూవీ-బి కిరణాలు ఎక్కువగా పైపొరలోనే ఆగిపోయి కణాల డీఎన్ఏను నేరుగా గాయపరుస్తాయి. ఆ పైపొరలోనే లాంగర్‌హాన్స్ కణాలు కాపలా కాస్తుంటాయి. పరాయి పదార్థం కనిపిస్తే దాన్ని పట్టుకుని లింఫు గ్రంథులకు చేరవేసి, టీ-కణాలనే రక్షక తెల్ల రక్తకణాలను అప్రమత్తం చేయడం వాటి పని. యూవీ సోకినప్పుడు చర్మంలో వాటి సంఖ్య తగ్గుతుంది. చర్మంలో సహజంగా ఉండే యూరోకానిక్ ఆమ్లం రూపం మారి, రోగనిరోధక ప్రతిస్పందనను అణచే సంకేతాలకు తోడ్పడుతుంది. ఆ ప్రతిస్పందనను అదుపుచేసే నియంత్రక టీ-కణాలు పెరుగుతాయి. యూవీ వల్ల ఎలుకల్లో పుట్టిన కణితులను వేరే ఎలుకల్లోకి మార్చినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవి వాటిని తిప్పికొట్టగా, ముందే యూవీకి గురైన వాటిలో అవి పెరిగాయని 1970లలో రోగనిరోధక శాస్త్రవేత్త మార్గరెట్ క్రిప్కీ చూపించారు. డీఎన్ఏను గాయపరిచే కిరణాలే, ఆ గాయం నుంచి పుట్టే క్యాన్సర్ కణాలను ఏరివేయవలసిన కాపలానూ బలహీనపరుస్తాయన్నది ఇక్కడ అత్యంత ముఖ్యమైన సంగతి. తీవ్రమైన ఎండ తర్వాత కొందరికి పెదవులపై హెర్పిస్ పొక్కులు తిరగబెట్టడానికీ ఈ అణచివేత ఒక కారణం.

బయటకు వెళ్లేముందు ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో యూవీ సూచిక చూడండి. అది 3 లేదా అంతకు మించితే రక్షణ అవసరం. 8 దాటితే మధ్యాహ్నపు పనులను వేరే వేళకు మార్చుకోవడమే మేలు. ఫోన్ లేకపోతే మీ నీడను గమనించండి: అది మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే కిరణాలు బలంగా ఉన్నట్టే. చల్లగాలిని, పలుచని మబ్బును నమ్మవద్దు. మామూలు కిటికీ అద్దం యూవీ-బిని చాలావరకు ఆపినా, యూవీ-ఎను బాగానే లోపలికి రానిస్తుంది.

నీడ, చెవులనూ మెడనూ కప్పే అంచున్న టోపీ, దట్టమైన నేత బట్టలు మొదటి రక్షణ. సన్‌స్క్రీన్ వాటి తర్వాతిదే. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు సందుల్లోంచి వెలుగు ధారాళంగా వస్తే, కిరణాలూ అలాగే వస్తాయి. ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మం కందడాన్ని ఎంత ఆపుతుందో చెప్పే కొలత గనుక, యూవీ-ఎను కూడా అడ్డుకునే 'బ్రాడ్ స్పెక్ట్రమ్' రకంలో 30 లేదా అంతకన్నా ఎక్కువది ఎంచుకోండి. ఆ అంకెను నిర్ధారించే పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా రాస్తారు. మనం సాధారణంగా అందులో సగమైనా రాయం. రెండు గంటలకోసారి, చెమట పట్టినా ఈదినా వెంటనే, మళ్లీ రాయాలి.

అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్ వ్యాధి ఉన్నవారికి ఎండతో వ్యాధి ముదరవచ్చు. డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్), హైడ్రోక్లోరోథయజైడ్ (రక్తపోటు మందు) వంటివి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి, అయినా వాటిని సొంతంగా మానేయకుండా వైద్యుణ్ని సంప్రదించాలి. సోరియాసిస్ అనే చర్మవ్యాధికి వైద్యులు 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న యూవీ-బిని వాడేది చాలావరకు ఈ అణచివేత గుణం కోసమే గానీ, అక్కడ మోతాదును కొలిచి ఇస్తారు. ఆరుబయట ఎండలో నిలబడి ఆ చికిత్సను అనుకరించకూడదు.